రోజుకి సున్నా పాయింట్ రెండు

అప్పుడే రుబ్బిన దోసెల పిండిని సుదర్శనం క్షణపేటికలో పెట్టి మూత వేశాడు. కన్ను మూసి తెరిచేలోగా పిండి పులిసి పొంగింది. పెరుగు తోడుకోవడం, ఆవకాయ ఊరడం, అన్నీ ఆ పేటికలో క్షణం పని. భీమవరంలో జనం దేనికోసమైనా ఆగడం మానేసి ముప్పై ఏళ్ళయింది.

పేటికకు లొంగనిది ఒక్కటే ఉంది. కల్యాణిని పెళ్ళాడి నాలుగు నెలలైనా ఆమె కూతురు మేదిని అతన్ని ఏమనీ పిలవదు. ఏం చెప్పాలన్నా తల్లితో చెప్పిస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్ల నోటి పిలుపు కోసం సుదర్శనం మొహం వాచిపోయి ఉన్నాడు.

"అమ్మా! పరిగెలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయే!"

కల్యాణి స్నానంలో ఉంది. సుదర్శనమే పరుగెత్తాడు. ఆ గాజుతొట్టి, అందులోని రెండు పరిగె చేపలు చనిపోయిన తండ్రి మేదినికి ఇచ్చినవి. నీళ్ళలో రంగుకాగితం ముంచి చూస్తే పీహెచ్ 5.8! నెలల తరబడి మార్చకపోవడంతో నీరు ఆమ్లమైపోయింది.

సుదర్శనం చేపల చెరువులవాళ్ళ ఇంట పుట్టినవాడు. చెయ్యి దానంతటదే సున్నం డబ్బా మీదికి పోయింది. పేటిక వెనక ఉండే గొట్టాన్ని లాగి తొట్టిలోకి దించాడు. సున్నం వేసి మీట నొక్కితే క్షణంలో ఏడు!

"ఆపండి!" మేదిని అడ్డం నిలబడింది. "ఒక్కసారే పెంచితే చచ్చిపోతాయండీ. ఇప్పుడు నీళ్ళలో ఉన్న మురికి పీహెచ్ పెరగ్గానే విషమైపోద్ది. రోజుకి సున్నా పాయింట్ రెండు, అంతే. మా నాన్న అలాగే చేసేవాడు."

ఆ పిల్ల తనతో నేరుగా మాట్లాడింది! సుదర్శనానికి భయం, సంతోషం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఇద్దరూ కలిసి గాలిబుడగలు పెంచారు. పదోవంతు నీరు తోడేసి, తొట్టి నీళ్ళంత గోరువెచ్చగానే ఉన్న మంచినీళ్ళు సన్నధారగా పోశారు. మెల్లగా కరిగి సున్నమిచ్చే ఆల్చిప్పలు కడిగి, నలగ్గొట్టి, గుడ్డసంచిలో కట్టి తొట్టిలో వేలాడదీశారు. ఇక మిగిలింది ఆగడమే. ఆ విద్య సుదర్శనానికి రాదు. గంటకోసారి వెళ్ళి తొంగిచూశాడు.

"అన్నిసార్లు చూడకండి, వాటికి సిగ్గేస్తది" అంది మేదిని.

మర్నాడు 6.0. ఆ మర్నాడు 6.2. మూడో రోజు ఏకంగా 6.6! ఇద్దరూ కెవ్వుమన్నారు. గబగబా సంచి తీసేసి, టిఫిన్ కూడా మరిచిపోయి తొట్టి ముందే కూర్చున్నారు. మధ్యాహ్నానికి చిన్న పరిగె తోక ఆడించుకుంటూ మేత తింది. సుదర్శనం కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు సంచి మళ్ళీ వేలాడదీశారు. ఆరో రోజు పొద్దున కాగితం ఏడు చూపించింది. చేపలు తొట్టంతా ఉరకలేస్తున్నాయి, మేదిని ఇల్లంతా గంతులేస్తోంది. ఆ ఊపులో సుదర్శనం ధైర్యం చేశాడు.

"మరి నన్నేమని పిలుస్తావమ్మా?"

మేదిని అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇవాళ్టికి సుదర్శనంగారూ అంటాను. మిగతాది రోజుకి కొంచెం. తొందరపెట్టకండి."

"అలాగేనమ్మా."

వంటింట్లోంచి కల్యాణి కేకేసింది. "ఏవండీ, పిండి రుబ్బాను. పేటికలో పెట్టరా?"

"వద్దులే" అన్నాడు సుదర్శనం, చేపల మీంచి చూపు తిప్పకుండానే. "రేపు పొద్దుటికి అదే పులుస్తుంది."