పలుకురేణువులు

2089 నాటికి పీతలదిబ్బలో గోడ మాట్లాడటం ఎవరికీ వింత కాదు. తుఫాను షెల్టరు గోడ పొద్దున్నే మొదలుపెట్టేది. "నాలో సిమెంటు తక్కువ. నన్ను నమ్మి లోపలికి రావద్దు." ఆడగొంతు. గోడలకు మాట నేర్పిన డాక్టర్ కాత్యాయని గొంతే అది.

విదేశాలు పంపిన సాయం దారిలో మాయం కాకూడదని ఆమె పలుకురేణువులు తయారుచేసింది. ఇసుకరేణువంత సెన్సర్లు. సాయం డబ్బుతో కట్టే కట్టడాల సిమెంటులో కలుపుతారు. ఉప్పుగాలిలోని తేమే వాటికి కరెంటు. కల్తీ జరిగితే పైకి చెప్పేస్తాయి. కాత్యాయని నోటితో సంకేతమాట పలికితే ఆగుతాయి. ఎవరు ఆపారో గుర్తుంచుకుంటాయి. గోడ పగలగొడితే మాత్రం ప్రతి ముక్కా మళ్ళీ పలుకుతుంది. ముక్కల్ని ఆపే మాట లేదు. గోడ కూల్చి సాక్ష్యం చెరిపేసే దొంగలను తలుచుకుని అలా చేసింది.

పైకప్పు లేని షెల్టరు దగ్గర ఊరిపెద్ద కొల్లాటి మంగారావు ఆమెను పట్టుకున్నాడు.

"దీని నోరు మూయించండమ్మా. మా ఆవిడ కూడా ఇంత నస పెట్టదు."

"అది అబద్ధం చెప్పడం లేదు కదండీ."

"అబద్ధమని నేనన్నానా? ఇది కూసినన్నాళ్ళూ ఆ సాయమిచ్చే దేశాలోళ్ళు రెండో విడత డబ్బు పంపరంట. పైకప్పు ఎవరేస్తారు? నిజాన్ని నెత్తిన కప్పుకుంటే వాన ఆగుద్దా?"

"కాంట్రాక్టరు చేతే మళ్ళీ కట్టిద్దాం."

"కోర్టులో తేలేసరికి మూడు తుఫాన్లు పోతాయి. ఉన్న గోడే మాకు దిక్కమ్మా."

గోడ నీడలో ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుకుంటున్నారు. కాత్యాయని వాళ్ళను చూసింది. సంకేతమాట పలికింది. గోడ ఆగిపోయింది.

పైకప్పు వేశాక మళ్ళీ పలికిద్దామనుకుంది. వేశారు. ప్రారంభోత్సవం అయ్యాక అనుకుంది. అదీ అయింది. ఊరంతా ఆమెకు దణ్ణం పెట్టింది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. మంగారావు భార్యను షెల్టరుకు పంపి, పడవలు కట్టడానికి ఆగాడు. మధ్యాహ్నానికి షెల్టరు కూలింది.

కాత్యాయని మర్నాడు చేరింది. గాలి తగ్గింది. మంగారావు శిథిలాల మీద బోర్లా పడుకుని చెవి ఆనించి ఉన్నాడు. చుట్టూ వేల ముక్కలు. అన్నీ మాట్లాడుతున్నాయి.

"నాలో సిమెంటు తక్కువ. నా నోరు మూయించింది కాత్యాయని."

"ఆపండమ్మా," అన్నాడతను తల ఎత్తకుండా. "కింద నుంచి మా ఆవిడ పిలుస్తందేమో. ఇననియ్యండి."

ఆమె సంకేతమాట పలికింది. మళ్ళీ పలికింది. గొంతు చించుకుని అరిచింది. అరుపు ఆ గొంతుల్లోనే కలిసిపోయింది.

మంగారావు చెయ్యి ఎత్తి వారించాడు.

"మీరన్నా ఊరుకోండమ్మా."