దిష్టి తగలని కారు

"కారు ఒరిజినలో కాదో తేల్చుకుని రా. అంతే నీ పని," అన్నాడు జనరల్ జహబీ.

అఫీఫ్ నవ్వు ఆపుకున్నాడు. జనరల్ కింద గూఢచారిగా పదేళ్లకు పైగా పనిచేస్తున్నాడు. మారువేషాలు వేశాడు, మేడల మీంచి దూకాడు. కార్ల బేరానికి వెళ్లమనడం మాత్రం ఇదే మొదలు.

జనరల్ ఒక ఫోటో ముందుకు జరిపాడు. ఎర్రటి ఇటాలియన్ స్పోర్ట్స్ కారు. వెలార్డి కంపెనీది. దాని బానెట్ మీద కూర్చుని నవ్వుతున్న కుర్రాడు జనరల్ తమ్ముడు మర్వాన్.

"ఎంత బాగుంది సిద్నా!" అన్నాడు అఫీఫ్.

జనరల్ మొహం మాడిపోయింది. "మాషా అల్లా అను! దిష్టి తగలకుండా ముందు ఆ మాట అను!"

"మాషా అల్లా, సిద్నా."

"ఈ ఫోటో తీసిన రోజు కూడా ఎవడో ఇలాగే నోరు జారాడు. మాషా అల్లా అనకుండా మెచ్చుకుని పోయాడు. వారం తిరక్కుండా నా తమ్ముణ్ని సముద్రం మింగేసింది. నా ముందు ఆ మాట లేకుండా దేన్నైనా పొగిడినవాడు నాకు శత్రువే. గుర్తుందా?"

గుర్తుండకేం! ఫైళ్ల నిండా లోకం కుట్రలన్నీ పెట్టుకున్న ఈ మనిషి తుపాకీకి భయపడడు, దిష్టికి భయపడతాడు. బల్ల అంచున నీలిరంగు పూసలు వేలాడదీసుకుంటాడు.

"అమ్మేవాడు నజీబ్. మన లెబనాన్‌లోనే జాహ్లేలో పుట్టి బ్రెజిల్‌లో పెరిగానంటాడు. సెక్రటరీ పేరు సీల్వా, బుర్జ్ హమ్మూద్ అమ్మాయి. వీళ్ల వెనక విదేశీ ముఠా ఉందని ఉప్పందింది, రుజువు లేదు."

"మరి మీకెందుకు సిద్నా ఈ బేరం?"

"మర్వాన్ కారయ్యా అది." ముసలాయన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "వాడు పోయాక చేతులు మారి మారి దేశం దాటిపోయింది. నిజంగా అదే అయితే నేనే నడుపుతా, వాడు రేసు గెలిచిన కొండ ఎక్కుతా. నీ బాబు సుత్తితో కార్ల బాడీలు కొట్టి చేసినవాడు. నువ్వు ఒరిజినల్ అంటే చాలు, ఇంకెవరి మాటా వినను."

భమ్‌దూన్ కొండ మీద విల్లా. దాని కింద నేలమాళిగలో గ్యారేజీ. అఫీఫ్ లోపల అడుగు పెట్టగానే ఇనుప షట్టర్ కరెంటు మీద గుర్రుమంటూ దిగిపోయింది. వెనక వైపు చిన్న తలుపు ఒకటి, కిటికీ మాత్రం లేదు.

"దొంగల భయం, ఖవాజా అఫీఫ్," అన్నాడు నజీబ్ నవ్వుతూ. పక్కన సీల్వా, ఆకుపచ్చ స్కార్ఫు, మనిషి కంటే ముందే వచ్చి పలకరించే సెంటు.

బల్బు వెలుగులో ఎర్రగా మెరుస్తోంది వెలార్డి. అఫీఫ్ కావాలనే గొంతు పెంచాడు. "లెబనాన్ మొత్తం మీద ఇలాంటి కారు ఉండదు నజీబ్ బేక్!"

మాషా అల్లా అనలేదు. దిష్టి తగలకుండా సీల్వా చెయ్యి చప్పున చెక్క బల్లను తాకింది. నజీబ్ మాత్రం "థాంక్స్" అన్నాడు.

అఫీఫ్‌కి అనుమానం వచ్చింది. జాహ్లే నుంచి వెళ్లినవాళ్లు బ్రెజిల్లో భాషనైనా మరిచిపోతారేమో గాని, దిష్టిని మరవరు. తన సొత్తును ఇలా పొగిడితే చెక్క తాకడా, కనీసం మొహమైనా చిట్లించడా? వీడు జాహ్లే వాడు కాదు.

పైకేమీ తేలనివ్వకుండా పనిలో దిగాడు. ఇంజిన్ నంబరు సరిపోయింది. ఛాసిస్ నంబరు సరిపోయింది. మీటర్లు, అద్దాలు, సీటు తోలు, అన్నీ పాతవే. అప్పుడు జేబులోంచి జపమాల తీశాడు. దాని పూసల్లో ఒకటి అయస్కాంతం, శాఖ వాళ్లు చేసిచ్చిన పనిముట్టు. ఈ రోజు మాత్రం దాన్ని టేపులా వాడాడు. కుడి హెడ్‌లైట్ నుంచి తలుపు అంచు దాకా పట్టి చూశాడు. ఎడమ వైపూ పట్టి చూశాడు. రెండు వైపులా కొలత ఒకే పూస దగ్గర ఆగింది.

చేత్తో సుత్తి దెబ్బలు కొట్టి చేసిన బాడీ అది. రెండు చెంపలూ అచ్చు ఒకేలా రానే రావు. ఒక వైపు కొలతలు తీసుకుని రెండో వైపు దింపింది నకిలీ చేసేవాడే. నజీబ్ మనుషులు ఎక్కడా తప్పు చేయకూడదనుకున్నారు, తప్పంతా అక్కడే చేశారు.

అఫీఫ్ వంగి, డ్రైవరు సీటు కింది ఛాసిస్ గొట్టాన్ని గోటితో తట్టాడు. ఖంగుమనాలి. డబ్ అంది. లోపల ఏదో దట్టంగా కూరి ఉంది.

"మీ చెవి మంచిది," అన్నాడు వెనక నుంచి నజీబ్. చేతిలో పిస్తోలు. "మూడో గేరు పడగానే పేలుతుంది. మీ జనరల్ కొండ మలుపు దగ్గర తప్పకుండా మూడో గేరు వేస్తాడు. ఇప్పుడు ఫోన్ తీసి ఒరిజినల్ అని చెప్పండి. మనసు పారేసుకున్న మనిషిలా పొగడండి. ఒక్క మాట తేడా వచ్చినా ఇక్కడే పోతారు."

ఒరిజినల్ అంటే తండ్రి లాంటి మనిషి పోతాడు. అనకపోతే తను పోతాడు, నజీబ్ ఇంకో దారి వెతుక్కుంటాడు. అఫీఫ్‌కి నిజంగా భయమేసింది. ఈ నాలుగు గోడల మధ్య అతనికి మిగిలింది నాలుక ఒక్కటే.

"సిద్నా, ఒరిజినలే. నా జన్మలో ఇంత అందమైన కారు చూడలేదు. ఇప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుంది."

అవతల జనరల్ కుర్చీ కిర్రుమంది.

"అంత బాగుందా?"

"అంత బాగుంది సిద్నా. మర్వాన్ చూస్తే మురిసిపోయేవాడు."

"సరే. వస్తున్నా. ఇంజిన్ వేడి చేసి ఉంచమను."

జనరల్ ఫోన్ పెట్టేశాడు. అర్థమైందా, లేక తమ్ముడి పేరు వినగానే ముసలాయనకు మిగతాదేదీ చెవికెక్కలేదా? అది తేలే దారి లేదు.

"సీల్వా, ఇతన్ని పక్క సీటులో కట్టెయ్. ఇద్దరూ కలిసే వెళ్తారు. పైన దుప్పటి కప్పు."

ఆమె బేడీలు వేస్తూ ముందుకు వంగింది. సెంటు వాసన గుప్పుమంది. చెవిలో గుసగుస వినిపించింది. "మాషా అల్లా అనడం మరిచిపోయారేం ఖవాజా? రెండుసార్లు!"

అఫీఫ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. అయిపోయింది, పట్టేసింది! మరుక్షణం అతని అరచేతిలో చల్లగా ఏదో పడింది. బేడీల తాళంచెవి. ఆమె దుప్పటి కప్పి, "కాఫీ పెడతా" అంటూ వెనక తలుపు గుండా వెళ్లిపోయింది.

కాసేపటికి బయట జీపుల చప్పుడు. నజీబ్ షట్టర్ కన్నంలోంచి చూశాడు. జనరల్ కారు లేదు, నిండా సైనికులు. మొహం పాలిపోయింది. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. గొట్టంలో గడియారం టిక్కుటిక్కుమనడం మొదలైంది.

"నీ జనరల్ రాకపోతే నువ్వే పో!" అంటూ వెనక తలుపు లాగాడు. రాలేదు. బయట గడియ పెట్టి ఉంది. షట్టర్ బటన్ నొక్కాడు. అదీ కదల్లేదు. బల్బు ఆరిపోయింది. కరెంటు మెయిన్ స్విచ్ బయటే ఉంది.

"క్షమించాలి నజీబ్ బేక్," తలుపు అవతల సీల్వా గొంతు. "జనరల్ గారు నాకు కూడా జీతమిస్తున్నారు."

చీకట్లో పిస్తోలు మొన అఫీఫ్ మెడకు తగిలింది. "తెరవమని చెప్పు! చంపేస్తా!"

"చంపు," అన్నాడు అఫీఫ్. బేడీలు అప్పటికే విప్పేసుకున్నాడు. "కానీ చీకట్లో ఏ తీగ తెంపాలో ఎలా కనిపిస్తుంది? లైటర్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలిగా?"

టిక్కు, టిక్కు.

నజీబ్ పిస్తోలు పారేశాడు. బల్ల మీది పట్టకారు తడిమి తీసుకుని, మోకాళ్ల మీద పడి సీటు కింద దూరాడు. అఫీఫ్ లైటర్ వెలిగించి పట్టుకున్నాడు. నిప్పు వేళ్లను కాలుస్తున్నా కదల్చలేదు. నజీబ్ ఏడుస్తున్నాడు. చెమటకు పట్టకారు జారుతోంది. ఒక తీగ తెగింది. గడియారం ఆగలేదు. రెండోది తెగింది. టిక్కుమనబోయిన ముల్లు అక్కడే ఆగిపోయింది.

అఫీఫ్ కేక వేయగానే షట్టర్ లేచింది. సైనికులు నజీబ్‌ను లాక్కుపోయారు. జనరల్ లోపలికి వచ్చి అఫీఫ్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. తర్వాత ఎర్ర కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద, తమ్ముడు కూర్చున్న చోటే, చెయ్యి వేశాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"నకిలీదైనా ఎంత బాగుందయ్యా!"

"మాషా అల్లా అనండి సిద్నా," అన్నాడు అఫీఫ్.

"ఎందుకూ? దీనికి దిష్టి తగలనీ."