రేకుల మీది పిలుపు

తంగళ్ళపల్లి దాటినంక రోడ్డు పక్కకు బట్ట నేసే సాంచెల షెడ్డొకటి మూతవడి ఉన్నది. సాంచెలు ఎప్పుడో అమ్ముకపోయిండ్రు. లోపట మోటరు లేదు, దారప్పోగు లేదు. అయినా పొద్దుగూకినంక అటు పోయినోళ్లు చెప్తరు — లోపట సాంచె నడుస్తదట. టక్... టక్... టక్... అని.

ఇంకోటి గూడ చెప్తరు. అక్కడ ఎవరన్న పేరువెట్టి పిలిస్తే పలకొద్దట. మూడుసార్లు పిలుస్తదట. పలికినవా... ఇగ అంతే.

పోయిన కార్తీకంల అక్కడ ఏమైందో నాకు ఊర్మిలే చెప్పింది.

ఊర్మిల మొగడు అంజి సిరిసిల్లల సాంచెలు నడుపుతడు. నైట్ షిఫ్ట్. చెడ్డపేరుండబట్టి ఆ షెడ్డు అగ్గువకు దొరికితే, ఆలుమొగలు అండ్ల రెండు బర్లను కట్టేసుకున్నరు. కోతులు దుంకి దుంకి మీది సిమెంటు రేకులు పలగ్గొట్టినయి. వానకాలం ఎట్లనో ఎల్లదీసిండ్రు. కని చలి మొదలైంది... సరిగ్గ గప్పుడే పెద్దబర్రె ఈనింది. రాత్రి కురిసిన మంచు అంత రెండొద్దుల దుడ్డె వీపు మీదనే. తెల్లారేసరికి అది వణుక్కుంట పాలు తాగుడు బందువెట్టింది.

ఊర్మిల సిరిసిల్ల పోయి రేకుల పనిచేసే అఫ్రోజ్‌ను బతిమాలి తీసుకచ్చింది. ఆయన పొద్దంత మంచిగనే చేసిండు. ఐదు కాంగనే కిందికి దిగిండు.

"ఇంకొక్క రేకే గద భాయ్. రెండు బోల్టులు."

"రేపొస్త చెల్లె."

"దుడ్డె రేపటిదాక ఉండది భాయ్."

అఫ్రోజ్ షెడ్డు దిక్కు చూసిండు. గుంకుతున్న పొద్దు దిక్కు చూసిండు.

"నా పాన ఈడనే పెట్టిపోత, నువ్వే బిగించుకో," అని మెల్లగ చెప్పి బండి స్టార్ట్ చేసిండు.

ఊర్మిల కొంగు దోపుకున్నది. చలికి, మొగడు తెచ్చిన తెల్లటి పాలిస్టర్ గుడ్డ తల మీదికెళ్లి కప్పుకున్నది. నిచ్చెన ఎక్కింది. రేకు నడుమ కాలువెడితే పలుగుతదని, బోల్టులున్న కాడనే అడుగులేసుకుంట పోయింది. ఆఖరి రేకు జరిపి, రెండు బోల్టులు బిగించింది. పనైపోయింది.

ఎనుకకు అచ్చి చూస్తే — నిచ్చెన లేదు.

బయట కట్టేసిన చిన్నబర్రె వీపు గోకుకుందామని దానికే రాసుకున్నది. నిచ్చెన పోయి గడ్డిల పడ్డది. దుంకుదామంటే కింద పలిగిన రేకుల కుప్ప. ఫోన్ లోపట, గోడ మొలకు తగిలేసిన సంచిల.

చీకటైంది.

టక్... టక్... టక్...

ఊర్మిల పానం పోయినంత పనైంది. ఊపిరి బిగవట్టి ఇన్నది. చప్పుడు దూరం కాదు... పక్కకే. పక్కకు గూడ కాదు... నోట్లకెళ్లే! చలికి ఆమె పండ్లే కొట్టుకుంటున్నయి.

గప్పుడు రోడ్డు మీద లైటు కనవడ్డది. బండి మీద కనకయ్య — అంజికి మేనమామ వరుస.

"కనకయ్య మామా!"

బండి ఆగింది. కనకయ్య పలకలే.

"మామా... నేనే..."

మెడ తిప్పలే.

"మామా, మీదున్న!"

కనకయ్య ఒక చెయ్యి మెల్లగ ఎనుకకు పెట్టి... తన వీపు తడుముకున్నడు. వీపు మీద ఎవ్వలు లేరు. అప్పుడు తలకాయెత్తిండు. రేకుల మీద తెల్లటిది ఏదో చేతులూపుతున్నది —

బండి అట్లనే ఇడిసి ఉరికిండు. ఇంజను ఆగలే, లైటు ఆరలే.

తర్వాత ఇంకో ముగ్గురొచ్చిండ్రు. అందరు ఊరోళ్లే, అందరి పేర్లు ఊర్మిలకు తెలుసు. తెలుసుడే తప్పయింది. పిలిచినకొద్ది ఉరికిండ్రు. ఒకడైతే "నా పేరు గది కాదు!" అని ఒర్రుకుంటనే పోయిండు.

ఆఖరికి సత్యవ్వ మేకలను కొట్టుకుంట అచ్చింది. ముసల్ది, చెవులు ఇనరావు. ఊర్మిల గొంతు పోయేటట్టు పిలిచినా ఇనలే. ఇనలేదు గనకనే భయపడలే. ఒక మేక మాత్రం ఆగి మీదికి చూసింది. ఇదేం చూస్తున్నదని సత్యవ్వ గూడ చూసింది.

"గీ యాళ్లప్పుడు రేకులెక్కుడేంది పిల్లా? సలివెడ్తలేదా?"

తిట్టుకుంటనే నిచ్చెన లేపి పెట్టింది.

ఊర్మిల దిగుడు దిగుడే లోపటికి ఉరికింది. దుడ్డె తల్లి కిందికి దూరి, తోక ఊపుకుంట పాలు తాగుతున్నది. మీదికెళ్లి చుక్క మంచు రాలుతలేదు. ఊర్మిల దాని వీపు మీద చెయ్యి పెట్టింది. ఎచ్చగుంది. అక్కడనే కూసొని జరసేపు ఏడ్చింది.

ఇంటికి పోతే తలుపు గడియ పెట్టున్నది. సందులకెళ్లి ఎండుమిరపకాయల పొగ. లోపట వాడకట్టంత ఉన్నట్టున్నది, గుసగుసలు ఇనవస్తున్నయి.

"అత్తా, నేను. తలుపు తియ్."

గుసగుసలు ఆగినయి.

"అత్తా!"

ఎవ్వలు పలకలే. ఇంకోసారి పిలిచింది. మళ్ల పిలిచింది.

లోపటికెళ్లి కనకయ్య గొంతు: "నాలుగుసార్లు పిలిచింది... మనిషే కావచ్చు."

"ఇప్పటి దెయ్యాలకు లెక్కలేడ అస్తయే?" అన్నదెవ్వతో.

అత్త ముత్తమ్మ తలుపు కాడికొచ్చింది.

"నువ్వు మా ఊర్మిలవే అయితే... మన ఇద్దరికి తప్ప ఎవ్వలకు తెల్వని ముచ్చటొకటి చెప్పు."

"అందరున్నరు గద అత్తా..."

"చెప్తవా? పోతవా?"

ఊర్మిల మస్తు ఆలోచన చేసింది. కాళ్లు చలికి గడ్డకట్టినయి. ఇగ తప్పలే.

"శనివారం ఒక్కపొద్దున్ననని వాడకట్టంత చెప్పుకుంటవ్. మళ్ల వంటింట్ల తలుపేసుకొని రెండు గుడ్లు ఉడుకవెట్టుకొని తింటవ్. ఉప్పు, కారం సల్లుకొని."



గడియ ఫట్‌మన్నది. తలుపు తెరుసుకున్నది. దెయ్యాన్ని చూస్తందుకు ఒక్కలు గూడ ఇటు తిరుగలే. అందరు ముత్తమ్మనే చూస్తున్నరు.

ముత్తమ్మ కోడలు చెయ్యివట్టి లోపటికి గుంజింది. చెవుల నోరు పెట్టి మెల్లగ అన్నదట —

"దెయ్యమే అచ్చుంటే పానం తీసి పోతుండె పిల్లా... నువ్వు ఇజ్జతే తీస్తివి."