రాతిగోడల మలుపు

షార్జా అవతల, జైస్ కొండ రోడ్డు మీద ఒక మలుపుంది. రాత్రిపూట అక్కడ ఎవరూ బండి ఆపరని పికప్ డ్రైవర్లు చెప్పేవాళ్ళు. ఆపాల్సి వచ్చినా ఇంజను ఆపరట.

మలుపు పక్కన కాస్త చదునైన జాగా. దాని వెనక పైకప్పు లేని రెండు రాతిగోడలు. ఎప్పుడో కొండమనుషులు కాపురమున్న ఇల్లు. చలికాలం రాత్రుళ్ళు ఆ గోడల వైపు నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుందని పేరు. ఏడుపు విని తలుపు తీశారా... ఇక అంతే. ఒకసారి ఇద్దరు అక్కడే కారులో పడుకున్నారనీ, తెల్లారి చూస్తే ఒంటిమీద గీత కూడా లేకుండా చనిపోయి ఉన్నారనీ చెప్పుకునేవాళ్ళు. ఎవరా ఇద్దరు అని అడిగితే మాత్రం ఎవరికీ పేర్లు తెలీవు.

నేను ఆ మలుపు చూడలేదు. అక్కడ ఒక రాత్రి పడుకుని వచ్చిన ఇద్దరు నాకు బాగా తెలుసు. ఖాదర్ హుస్సేన్, అతని భార్య ఖతీజాబీ. నంద్యాల దగ్గరివాళ్ళు. షార్జాలో మా గదీ వాళ్ళ గదీ ఒకే ఫ్లాటులో, వంటగది ఒక్కటే. నాది పాలకొల్లు. నన్ను రాజ్యమక్కా అని పిలిచేవాళ్ళు.

ఖాదర్‌ది ఇండస్ట్రియల్ ఏరియాలో కుట్టుపని. కారు సీట్లు, పడవల మీద కప్పే పట్టాలు, టెంట్లు. ఖతీజా రెండిళ్ళల్లో వంట చేసేది. 2022 సెప్టెంబరులో ఖతీజాకి ఏడో నెలలోనే కాన్పైంది. ఆడపిల్ల. ఏడవలేదు. కళ్ళు తెరవలేదు. అట్లాగే పుట్టింది, అట్లాగే పోయింది.

ఖాదర్ వెళ్ళి ఖననం చేసి వచ్చాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుని డ్యూటీకి పోయాడు. తరవాత ఇద్దరిలో ఒక్కరూ ఏడవడం నేను చూడలేదు. ఒకరోజు ఖతీజా చేతిమీద మరుగుతున్న పప్పుచారు ఒలికింది. చెయ్యి లాక్కోలేదు. నేనే పట్టుకుని నీళ్ళ కింద పెట్టాను.

"కాలలేదా పిల్లా?" అన్నాను.

చేతిని చూసుకుంది. "కాలిందేమో అక్కా," అంది.

మనిషి అట్లా ఉండేది.

జనవరిలో ఖాదర్ వర్క్‌షాపుకి ఒక వ్యాను వచ్చింది. లోపల మంచం, పొయ్యి, చిన్న అల్మరా. పైకప్పుని చేత్తో నెడితే ఒక పక్కకి లేస్తుంది. లేచిన కప్పుకీ బండికీ మధ్య చుట్టూ గుడ్డ గోడలు, హార్మోనియం తిత్తిలాగా. పైన ఇద్దరు పడుకోవచ్చు. దాని ఓనరు, ఎవరో దొర, కిందటి చలికాలం కొండమీద గడ్డకట్టుకుపోయాడట. కప్పు లేపితే వెచ్చదనమంతా ఆ గుడ్డలోంచే పోతోందని గోల.

ఈ దేశంలో చలి ఆగేలా కుట్టమన్నవాణ్ణి ఖాదర్ అదే మొదటిసారి చూశాడు. పని మాత్రం బాగా చేశాడు. బయట వానగుడ్డ, మధ్యలో ఉన్ని దుప్పటి, లోపల ఏసీ గొట్టాలకి చుట్టే వెండిరంగు షీటు. మూడూ కలిపి కుట్టాడు. అద్దాలకి సరిగ్గా సరిపోయే తెరలు కూడా కుట్టాడు.

"ఒక రాత్రి కొండమీద పెట్టి చూడు, గాలి ఎక్కడ దూరుతోందో," అన్నాడు ముదీర్, అంటే వర్క్‌షాపు మేనేజరు. "నీ భార్యని కూడా తీసుకుపో. ఖలాస్, రెండు రోజులు సెలవు."

ఖాదర్ వంటగదిలోకి వచ్చి నిలబడ్డాడు. "ఖతీజా, బయల్దేరు. పోదాం."

"యాడికి?"

"కొండమీదికి."

"ఎందుకు?"

"చలి చూసేకి."

ఎందుకు చలి చూడాలో ఆమె అడగలేదు. స్వెట్టరు వేసుకుంది, అంతే.

అక్కడినుంచి జరిగింది ఖతీజా నాకు చెప్పినట్టే చెబుతాను.

కొండమీద బళ్ళు ఆపుకునే జాగాలన్నీ నిండిపోయాయి. శుక్రవారం కదా. ఎక్కడ చూసినా టెంట్లు, కబాబుల వాసన, స్పీకర్లు. ఒకచోట ఖాళీ దొరికింది. పక్క టెంటు ముందు చిన్నపిల్లలు టార్చిలైట్లు పట్టుకుని పరిగెడుతున్నారు. ఖతీజా తలుపు తియ్యలేదు.

"ఇంకొంచెం పైకి పోదామయ్యా," అంది.

పోయారు. రోడ్డు తిరిగింది. లైట్లు వెనకబడ్డాయి. బండి వెలుగులో రెండు రాతిగోడలు కనిపించాయి...

ఖాదర్ బ్రేకు మీద కాలు పెట్టాడు. మాట ఎత్తింది ఖతీజానే.

"ఇదే గదా, బిడ్డ ఏడుస్తాది అనే చోటు?"

"వెనక్కి తిప్పనా?"

"వద్దులే. ఏడిస్తే ఏడవనీ."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, ఖాదర్‌కి ఆ గోడలకంటే ఆ గొంతు విని ఎక్కువ భయమేసిందట.

బండి ఆపి, బయట బొగ్గులు రాజేసి కోడి కాల్చాడు. తిన్నారు. రుచి ఎట్లా ఉందో ఇద్దరికీ తెలీదు. అప్పటికే గాలి మొదలైంది. కొండ అంచునుంచి ఈలవేస్తూ వచ్చి వ్యానుని కుదుపుతోంది. కప్పు లేపితే గుడ్డ గోడలు ఊపిరి పీల్చినట్టు లోపలికీ, వదిలినట్టు బయటికీ...

ఖాదర్ ఒక అగరొత్తి వెలిగించాడు. కుట్టు వెంబడి మెల్లగా జరుపుతూ పోయాడు. పొగ వంగిన చోట గాలి దూరుతున్నట్టు లెక్క. వంగిన చోటల్లా గుడ్డముక్కలు కుక్కాడు. పైన పడకకి పోయే కంతకి అడ్డంగా బొంత కట్టాడు. అద్దాలకి తెరలు బిగించాడు. చివరికి పొగ ఎటూ వంగకుండా నిటారుగా లేచింది.

"చూడు, చీమ ఊపిరి కూడా రాదు," అన్నాడు. ఎన్నో నెలల తరవాత అతని మొహంలో కాస్త సంతోషం కనిపించిందట.

అయినా చలి తగ్గలేదు. కింద మంచం మీద రెండు బొంతల కింద ఒకరినొకరు ఆనుకుని పడుకున్నారు. ఇనుప నేలలోంచి చలి పైకి ఎక్కుతోంది.

"నా కాళ్ళు ఉండాయో లేవో తెలీట్లేదయ్యా," అంది ఖతీజా. బాధతో అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది.

ఖాదర్ లేచి బయటికి పోయాడు. కోడి కాల్చిన బొగ్గులు బూడిద కప్పుకుని ఇంకా ఎర్రగా ఉన్నాయి. పొగ లేదు. వాటిని రేకు పళ్ళెంలోకి ఎత్తి లోపల మంచం పక్కన పెట్టాడు. తలుపు జరిపి మూశాడు. ఆ చోటుకున్న పేరు మనసులో ఉంది కదా... లోపలి లాకు నొక్కి, ఒకసారి లాగి చూశాడు. బిగుసుకుంది.

వ్యాను మెల్లగా వెచ్చబడింది. ఖతీజా కాళ్ళల్లోకి ప్రాణం వచ్చింది.

చీకట్లో ఖాదర్ అన్నాడు — "పాపకి పేరు పెట్టలేదు మనం."

ఆమె జవాబు చెప్పాలనుకుంది. నాలుక కదల్లేదు. నిద్ర వచ్చేస్తోంది... మంచి నిద్ర, సెప్టెంబరు తరవాత అట్లాంటిది రాలేదు.

అప్పుడు వినిపించింది.

పసిబిడ్డ ఏడుపు.

ముందు దూరంగా, గోడల వైపు. తరవాత దగ్గరగా. తరవాత... తలుపు అవతలే.

ఖతీజాకి భయం వెయ్యలేదట. లేవాలి అని మాత్రం అనిపించింది. బిడ్డ చలిలో ఉంది, లేవాలి. చెయ్యి ఎత్తమంటే చెయ్యి ఎత్తదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. పక్కన ఖాదర్ గురక మధ్యమధ్యలో ఆగిపోతోంది... చాలాసేపటికి మళ్ళీ వస్తోంది.

"ఉండు తల్లీ..." అందామనుకుంది. పెదవులు కదల్లేదు.

ఏడుపు ఆగింది.

కళ్ళు మూతలు పడ్డాయి. ఎంతసేపో తెలీదు. ఉన్నట్టుండి మొహం మీద కత్తిపెట్టి గీసినట్టు చలిగాలి. కళ్ళు తెరిచింది. తలుపు బార్లా తీసి ఉంది. అవతల చుక్కలు కనిపిస్తున్నాయి.

తలుపు దగ్గర... ఏదో నిలబడి ఉంది. చిన్నగా, నల్లగా.

అది ఏడ్చింది.

మేకపిల్ల.

కొండమీద తిరిగే మందలోది, తప్పిపోయినట్టుంది. లోపలి వెచ్చదనానికి మెట్టుమీద ముందుకాళ్ళు పెట్టి, చెవులు వాల్చుకుని ఆమెనే చూస్తోంది.

ఖతీజా మంచం మీదనుంచి దొర్లి నేలమీద పడింది. తల పగిలిపోతోంది. పాక్కుంటూ తలుపు దాకా వచ్చి గాలి పీల్చింది. ఒకసారి, రెండుసార్లు. "అయ్యా... లెయ్యి," అంది. ఖాదర్ లేవలేదు. చెంపమీద కొట్టింది. లేవలేదు. వెనక్కి పాకి, అతని కింద ఉన్న బొంతని రెండు చేతులా పట్టుకుని ఈడ్చింది. బొంతతో సహా మనిషి మెట్టుమీదనుంచి కంకరలో పడ్డాడు. పడ్డాక దగ్గాడు. వాంతి చేసుకున్నాడు. ఆ వాంతి చూశాకే ఆమె అతని పక్కన కూలబడిందట.

ఆ రాతిగోడల చాటునే, మేకపిల్లని మధ్యలో పెట్టుకుని, ఒకే బొంతలో తెల్లారేదాకా కూర్చున్నారు. వెలుగొచ్చాక మంద కనిపించింది. మేకపిల్ల పరిగెత్తుకుంటూ పోయింది. నీళ్ళ ట్యాంకర్ తోలుకుంటూ వచ్చిన ఒక పఠాను వాళ్ళ మొహాలు చూసి, మారు మాట్లాడకుండా ఎక్కించుకుని క్లినిక్‌కి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ అడిగిన మొదటి మాట — "బొగ్గులు లోపల పెట్టుకున్నారా?"

ఖాదర్ తలొంచుకున్నాడు.

మూసిన చోట బొగ్గులు వదిలే గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలాగే వస్తుందని చెప్పిందామె. ఇంకొంచెంసేపు తలుపు మూసి ఉంటే ఇద్దరూ లేచేవాళ్ళు కాదంది. ఆ కారులో పోయినవాళ్ళు నిజంగా ఉంటే, వాళ్ళని చంపింది కూడా అదే అయ్యుంటుంది. ఏడ్చే బిడ్డ మేకపిల్ల. నేను ఖతీజా నోట విన్నప్పుడు, దెయ్యం సంగతి అక్కడితో తేలిపోయిందనుకున్నాను.

ఆ రంజాన్‌లో ఒక సాయంత్రం నన్ను కూడా ఇఫ్తారుకి కూర్చోబెట్టుకున్నారు. నేలమీద పేపరు పరిచి ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, ఖతీజా చేసిన గంజి. నమాజు చేసుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాక, ఖాదర్ ఎందుకో ఆ రాత్రి మాట ఎత్తాడు.

"ఏదేమైనా రాజ్యమక్కా, ఈమె లేచి తలుపు తీసింది కాబట్టి బతికినాం."

ఖతీజా గంజి పోస్తోంది. గరిటె ఆగింది.

"నేను యాడ తీసినాను? నువ్వే గదా తీసింది."

"నేనా? నాకు తెలివి యాడిది? నన్ను ఈడ్చింది నువ్వే గదా."

"ఈడ్చినాను. నేను కళ్ళు తెరిచేసరికే తలుపు తీసుండాది. గాలి కోసరం నువ్వే తీసి, మళ్ళా పడిపోయినావేమో అనుకున్నా."

ఖాదర్ నా వైపు చూశాడు, నాకేదో తెలిసినట్టు.

"బొగ్గుల గాలికి మతి ఉండదు కదయ్యా," అన్నాను. "ఇద్దర్లో ఎవరో తీసి మర్చిపోయుంటారు."

"అంతే అయ్యుంటాది," అన్నాడు. చేతిలోని ఖర్జూరం గింజ పేపరు మీద పెట్టాడు. "మేకపిల్ల తియ్యలేదక్కా. జరిపే తలుపు అది. బయటినుంచి రాదు. లాకు లోపల ఉండాది, నేనే నొక్కినా. లోపల ఉండింది మేమిద్దరమే."

ఖతీజా గిన్నె అతని ముందు పెట్టింది. తల ఎత్తలేదు.

"ముగ్గురం," అంది.