అఫ్సానా బాగుందంటేనే అలమరలోకి

వన్ టౌన్ వీధిలో తోపుడు బళ్ళ సందడి మొదలయ్యే వేళకి జహీదా ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతోంది. తరుగుతోందన్న మాటే గానీ ధ్యాసంతా కిందనున్న కొట్టు మీదే ఉంది. అక్కడ కూతురు అఫ్సానా కొత్త క్యాసెట్ పెట్టింది. దాన్ని పాట అనాలో గొడవ అనాలో జహీదాకి తెలియడం లేదు. గిటార్లు గీపెడుతున్నాయి, ఎవడో గొంతు చించుకుంటున్నాడు. ఆ చించుకునేవాడు తన కొడుకు కాదని మాత్రం తెలుసు. కొడుకు తారిక్ ఆ క్యాసెట్లో వాడి వెనకాల కూర్చుని డ్రమ్స్ వాయిస్తున్నాడు.

జహీదా మొగుడు అల్లాబక్ష్ క్యాసెట్ల కొట్టుకి ఒక పద్ధతుంది. బ్యాండుల వాళ్ళవి, పాప్ పాటలవి కొత్త ఆల్బమ్ ఏదొచ్చినా ముందు అఫ్సానా వినాలి. ఆ పిల్ల బాగుందంటే కొట్లో ముందున్న అలమరలోకి ఎక్కుతుంది. లేదంటే వచ్చిన అట్టపెట్టెలోనే హోల్‌సేల్ వాడికి తిరిగిపోతుంది. డిగ్రీ చదివే పిల్ల మాట మీద వ్యాపారమేమిటని మొదట్లో వీధంతా నవ్వింది. ఇప్పుడు పామర్రు నుంచి కూడా కుర్రాళ్ళు బస్సెక్కి వచ్చి, "ఈ వారం ఏం వినమంటారండీ?" అని కౌంటర్ దగ్గర నిలబడుతున్నారు.

ఆ పిల్ల మొహమాటం ఎరగదు. "ఆ బొంబాయి అమ్మాయి ఆల్బమ్‌లో మొదటి పాట విని మోసపోకండి. మిగతావన్నీ అదే పాటకి చొక్కా మార్చినవి" అంటుంది. "ఢిల్లీ కుర్రాళ్ళది రెండో వైపు నుంచి వినండి. మొదటి వైపు వాళ్ళింకా నిద్ర లేవలేదు" అంటుంది. కొనడానికొచ్చినవాడిని కొనొద్దని పంపేస్తే కొట్టు ఎలా నడుస్తుందో జహీదాకి ఎన్నటికీ అర్థం కాదు. నడుస్తోంది మరి.

తారిక్ రెండేళ్ళ కిందట బీకాం మధ్యలో వదిలేసి బెంగుళూరు వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు అల్లాబక్ష్ నలుగురు కస్టమర్ల ముందు, "దరువులేసుకు బతకడం కూడా ఒక బతుకేనా?" అనేశాడు. అప్పటి నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. పొద్దున్న టిఫిన్ చేసి తండ్రి కొట్లోకి దిగాడని లెక్కేసుకుని తారిక్ మేడ మీది ఫోన్‌కి చేస్తాడు, తల్లితో గుసగుసగా మాట్లాడతాడు.

పోయిన వారం అలాగే చేశాడు. "మా బ్యాండు క్యాసెట్ వచ్చింది అమ్మీ. విశాఖపట్నంలో ప్రోగ్రాముకి వెళ్తున్నాం, శనివారం బండి బెజవాడ మీదుగానే. కొట్లో ముందున్న అలమరలో నా క్యాసెట్ పెడితే దిగి ఇంటికొస్తా. పెట్టకపోతే దిగను. నన్ను బతిమాలకు. శుక్రవారం ఫోన్ చేస్తా, ఏదో ఒకటి చెప్పు."

ఇవాళ శుక్రవారం. క్యాసెట్ నిన్నటి పార్సిల్లో వచ్చింది. అట్ట మీద పగిలిన కిటికీ బొమ్మ, ఇంగ్లీషులో ఏదో పేరు తప్ప ఏమీ లేదు. అది ఎవరిదో మొగుడికి తెలియదని జహీదా ధైర్యం. పిల్ల ఒక్కమాట బాగుందంటే చాలు, రేపు కొడుకు ఇంట్లో అన్నం తింటాడు.

కింద పాట ఆగింది. అఫ్సానా మెట్లెక్కి వచ్చి నీళ్ళు తాగింది.

"ఎలా ఉందే?" అంది జహీదా.

"బాగాలేదు అమ్మీ."

"సరిగ్గా విన్నావా?"

"రెండుసార్లు విన్నా. పాడేవాడికి శ్రుతి లేదు. మొదటి వైపంతా ఎవరివో అరువు తెచ్చుకున్న పాటల్లా ఉంది. మూడో పాట ఎందుకు మొదలుపెట్టారో, ఎందుకు ఆపారో వాళ్ళకే తెలియాలి."

జహీదా కత్తిపీట పక్కకి నెట్టింది. "అది మీ భయ్యాది అని తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నా."

"ఒక్కసారి బాగుందనవే తల్లీ. రోజూ ఇన్ని మాటలు చెబుతావు కదా, అందులో ఇదొకటి. దాంతో ఎవరి కొంప మునుగుతుంది?"

"మునగదు. కానీ భయ్యా వచ్చి నన్ను అడుగుతాడు, నిజంగా నచ్చిందా అని. ఆయన మొహం చూసి మళ్ళీ అబద్ధం ఆడాలి. బెంగుళూరులో అందరూ బాగుందనే అంటున్నారుట. నా మాట కోసమేగా ఇక్కడికి పంపించాడు."

"నీ మాట కోసం కాదు, మీ నాన్న కోసం పంపించాడు. నీకు వాడి మీద ప్రేమ లేదే. ముక్కూమొహం తెలియని వాళ్ళ పాటల్ని నెత్తిన పెట్టుకుంటావు, సొంత అన్నది వచ్చేసరికి తీర్పులు చెబుతున్నావు." జహీదాకి ఏడుపు ఆగలేదు. ఉల్లిపాయల మీద నెపం పెట్టే ఓపిక కూడా లేకపోయింది. కూతురిది మంచితనమో మొండితనమో తేల్చుకోలేక చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

అఫ్సానా కళ్ళు కూడా ఎర్రబడ్డాయి గానీ మాట మార్చుకోలేదు.

సరిగ్గా అప్పుడే అల్లాబక్ష్ స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నాడు. "ఆ కిటికీ బొమ్మ క్యాసెట్ సంగతేమిటి? అలమరలోకా, పెట్టెలోకా?"

జహీదా కూతురి వంక చూసింది. ఆ చూపులో ఎంత బతిమాలిందో ఆవిడకే తెలుసు.

"బాగాలేదు అబ్బాజాన్" అంది అఫ్సానా. "పాట బాగాలేదు, పాడినవాడూ బాగాలేదు. డ్రమ్స్ ఒక్కటే బాగుంది. అందరూ తప్పిపోయిన చోట కూడా అతనొక్కడు దారి తప్పలేదు. రెండో వైపంతా అతనే మోశాడు."

"అయితే పెట్టెలోకే" అన్నాడు అల్లాబక్ష్.

జహీదా చేతిలోని గరిట కింద పెట్టింది. "అది మన తారిక్‌దండీ. మీ కొట్లో కనిపిస్తేనే దిగుతానన్నాడు. రేపే బండి. వాడు ఇంటికి రాడు ఇక. తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి వాణ్ణి స్టేషన్ నుంచే పంపించేయండి."

"వాడిదని తెలుసు జహీదా. పార్సిల్ విప్పినప్పుడే అట్ట తీసి లోపలి సన్న అక్షరాల్లో వాడి పేరు చదివాను."

"తెలిసి కూడా పెట్టెలోకేనా? పాటలమ్ముకుని ఇల్లు నడిపే మనిషికి కన్నకొడుకు పాటంటే అంత కోపమేమిటండీ?"

"కోపం కాదు, భయం. అమ్ముడుపోక తిరిగి వెళ్ళే పెట్టెలు నా చేత్తోనే తాడేసి కడతాను. వాటిలో ఎంతమంది కొడుకులున్నారో. మనవాడూ అందులో చేరతాడేమోనని ఆరోజు అలా నోరు జారాను." ఉప్మా పళ్ళెం ముందుకొచ్చినా ముట్టుకోలేదు. "ఈ పిల్ల గనక బాగుందని చెప్పి ఉంటే, నువ్వు ఏడిస్తే అందిలే అనుకునేవాణ్ణి. బాగాలేదంది. అందుకే డ్రమ్స్ బాగుందన్న మాట నమ్ముతున్నా."

టిఫిన్ అయినా ఆయన కిందకి దిగలేదు. ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తను దిగాక మోగే ఫోన్ సంగతి ఆయనకి ఎప్పుడు తెలిసిందో, ఏం చేయబోతున్నాడో జహీదాకి అంతుపట్టలేదు. ఫోన్ మోగగానే ఆవిడ గబగబా వచ్చేలోపు ఆయనే ఎత్తాడు.

"నేనే" అన్నాడు. "పెట్టేయకు. మీ చెల్లి విన్నది. బాగాలేదంది."

ఇన్నాళ్ళకి నోరు విప్పి మొదటి మాట ఇదా అనుకుంది జహీదా. రిసీవర్లోంచి సన్నగా నవ్వు వినిపించింది. కొడుకు నవ్వు వినక ఎంతకాలమైందో.

"పాడేవాడి గురించి ఏమందిట?" అంటున్నాడు తారిక్.

"శ్రుతి లేదంది."

"నేనూ అదే చెప్పా అబ్బాజాన్, ఎవరూ వినలేదు. మూడో పాట?"

"తిట్టింది. డ్రమ్స్ మాత్రం బాగుందంది." అల్లాబక్ష్ గొంతు సవరించుకున్నాడు. "అలమరలో పెట్టను. మన పద్ధతి నీకు తెలుసు. ఈసారి మీ చెల్లి బాగుందనేలా చేసి పంపు, పెడతా. రేపు మాత్రం దిగు. స్టేషన్‌కి నేనొస్తున్నా."

"దిగుతా" అన్న మాట జహీదాకి కూడా వినపడింది.

అలమరలో పెడితేనే వస్తానన్నవాడు పెట్టనంటే ఎందుకొస్తున్నాడో, చెత్తగా ఉందంటే ఎందుకు నవ్వాడో ఆవిడకి అర్థం కాలేదు. వీళ్ళ ముగ్గురిదీ ఒక భాష, తనదొకటి అనిపించింది. ఆ మాటకొస్తే వారం రోజులుగా ఆ క్యాసెట్ గురించి అల్లాని వేడుకుంది, కూతురిని బతిమాలింది, మొగుడితో పోట్లాడింది. ఒక్కసారీ కూర్చుని వినలేదు.

మధ్యాహ్నం కింద నుంచి క్యాసెట్ తెప్పించుకుని వంటింట్లో టేప్‌రికార్డర్లో రెండో వైపు పెట్టింది. గిటార్లు గీపెట్టాయి, వాడెవడో అరిచాడు. కాసేపటికి వాటి అడుగున ఇంకేదో వినిపించింది. బియ్యం డబ్బా ముందు కూర్చుని అన్నం ఉడికేదాకా వేళ్ళతో వాయించే చిన్నప్పటి తారిక్. సొట్టలు పడ్డాయని ఎన్నిసార్లు వాడి చేతుల మీద కొట్టిందో. వాడు వెళ్ళాక ఆ సొట్టలు చూసే డబ్బా మార్చలేకపోయింది. ఇప్పుడు దాని ముందే నేల మీద కూలబడి, మూత మీద చెయ్యి వేసుకుని చివరిదాకా వింది.

అఫ్సానా వచ్చి గుమ్మంలో ఆగింది. "ఎలా ఉంది అమ్మీ?"

"నాకేం అర్థం కాలేదే" అంది జహీదా కళ్ళు తుడుచుకుంటూ. "వాడు ఇంట్లో ఉన్నట్టుంది."