వెల్లకిలా పడుకున్న సాక్షి

మంగళవారం పదకొండు గంటలకు వీరరాఘవయ్య నందిగామ కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఏడు గంటలకే జగ్గయ్యపేటలోని తన ఇంట్లో, పట్టెమంచం మీద శవమై ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వరప్రసాదరావు జీపు దిగేసరికి వాకిట్లో జనం. పాడె కట్టడానికి వెదుళ్ళు కూడా వచ్చేశాయి.

"ఆగండి. పోస్ట్‌మార్టమ్ కావాలి," అన్నాడు.

మూతి మీద గుడ్డతో నేల మీద కూర్చున్న భార్య దుర్గాంబ తలెత్తి చూసింది. కొడుకు భవానీప్రసాద్ మాత్రం గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"రోగంతో పోయిన మనిషిని కోస్తారా?"

"కోర్టు సాక్షి కదా. తప్పదు."

ఆ కేసులో ముద్దాయి భవానీప్రసాదే. ఆదివారం చర్చికెళ్ళి పనిలోకి రాలేదని ప్రేమదాసు అనే కూలీని పొలంలో కర్రతో కొట్టి చంపాడని అభియోగం. ప్రస్తుతం బెయిలు మీద ఉన్నాడు. పొలంలో ఉన్నవాళ్ళెవరూ నోరు విప్పలేదు. చివరికి కన్నతండ్రే వరప్రసాదరావుకి కబురు పెట్టాడు.

ఆ రోజు వీరరాఘవయ్య ఇదే మంచం మీద, గోడకు దిళ్ళు పేర్చుకుని కూర్చుని ఉన్నాడు. పొట్ట కుండలా ఉబ్బి ఉంది. నాలుగు మాటలకోసారి ఆయాసం.

"మావాడే కొట్టాడు. నేను చూశా. మొదట అబద్ధం చెప్పా. పోయేలోగా... కోర్టులో చెప్తా."

పోలీసుల ముందు చెప్పిన మాట కోర్టులో చెల్లదు. బోనులో నిలబడి చెప్పాలి. ఇప్పుడు చెప్పే మనిషి లేడు.

దుర్గాంబను పక్కగదిలోకి పిలిచాడు.

"ఎప్పుడు చూశారమ్మా?"

"తెల్లారి అయిదింటికి. కాఫీ తెచ్చి లేపితే పలకలేదు. ఒళ్ళు చల్లగా ఉంది."

"ఎలా ఉన్నారు?"

"ఎప్పట్లాగే. గోడకానుకుని కూర్చునే ఉన్నారు. నేనే దిళ్ళు తీసి పడుకోబెట్టా."

"రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మేమిద్దరం. వసారాలో బసవయ్య."

బసవయ్య ఆ ఇంటి పాలేరు. కండువా నలుపుతూ వచ్చి నిలబడ్డాడు.

"రాత్రి ఏమన్నా వినపడిందా?"

"అయ్యగారి దగ్గు వినపడిందండి. కాసేపటికి అదీ ఆగింది. తర్వాత అమ్మగారు మాట్లాడతన్నారు. సేనాసేపు."

"ఏం మాట్లాడుతోంది?"

"మాటలు తెలవలేదండి. పసిపిల్లల్ని జోకొట్టేటప్పుడు మాట్లాడతారే, అట్టా ఉందండి."

భవానీప్రసాద్ వంతు వచ్చింది.

"రాత్రి ఎక్కడున్నావు?"

"నందిగామలో. ప్లీడరు గారింట్లో పడుకున్నా. కబురు తెలిసి పొద్దున్నే బస్సుకొచ్చా. దీన్ని కూడా నా నెత్తికే చుడతారా?"

వరప్రసాదరావు నందిగామ స్టేషనుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. మాట నిజమే. ప్లీడరు, గుమాస్తా, కాఫీ హోటలు వాడు, ముగ్గురూ చూశారు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో డాక్టర్ భారతీదేవి చేతులు కడుక్కుంటూ బయటికొచ్చింది. నాలుగు నెలలుగా వీరరాఘవయ్యకు వైద్యం చేసింది ఆవిడే.

"కుడి ఛాతీ నిండా నీరే. ఊపిరితిత్తి నలిగి పిడికెడైపోయింది."

"ఊపిరితిత్తిలోకి నీరెలా వచ్చింది?"

"లోపలికి రాలేదు. చుట్టూ చేరింది. అసలు జబ్బు లివర్‌ది. ఎప్పుడో కామెర్లు వచ్చి అది గట్టిపడిపోయింది. దాంతో పొట్టలో నీరు పట్టింది. అదే మెల్లగా ఛాతీలోకి ఎక్కింది. సూదితో తీసేదాన్ని. వారం తిరక్కుండా మళ్ళీ నిండేది."

"అయితే సహజ మరణమేనా?"

"విషం లేదు, గాయం లేదు. ఈ నెలో, పై నెలో పోవాల్సినవాడే."

వరప్రసాదరావు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఒక్కసారి ఆయన వీపు చూపిస్తారా?"

శవాన్ని పక్కకు తిప్పారు. వీపు చూసి, కాళ్ళు చూసి, డాక్టరమ్మ చప్పున ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

నాలుగు గంటలకు ఆ ఇంట్లో, ఆ మంచం దగ్గరే, ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. గోడ మీద వీరరాఘవయ్య తల ఆనిన చోట నూనె మరక నల్లగా కనిపిస్తోంది.

"మనిషి పోయాక రక్తం కిందికి దిగుతుంది. ఒంట్లో ఏ భాగం కిందుంటే అది కమిలినట్టు నల్లబడుతుంది. కూర్చుని పోయినవాడికి నడుం కింద, కాళ్ళలో నల్లబడాలి. నాలుగైదు గంటలు అలా వదిలేస్తే ఒళ్ళు కూర్చున్నట్టే బిగుసుకుపోతుంది కూడా. ఆయన కాళ్ళు తెల్లగా ఉన్నాయి. నల్లబడింది వీపు, భుజాలు."

వరప్రసాదరావు దుర్గాంబ వైపు తిరిగాడు.

"ఆయన వెల్లకిలా పడుకునే పోయాడు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అలా పడుకోని మనిషి. పడుకుంటే పొట్టలో నీరు పైకి తన్నుతుంది, ఛాతీలో నీరు ఉన్న కాస్త చోటునీ మింగేస్తుంది. తనంతట తను లేవలేడు. అరవడానికి ఊపిరుండదు. డాక్టరమ్మ ఒకసారి పరీక్షకని పడుకోబెడితే పెదాలు నీలంగా తిరిగాయట. అప్పుడు పక్కనే ఉండి, భుజాలు పట్టి లేపింది నువ్వేనటమ్మా."

భవానీప్రసాద్ లేచి నిలబడ్డాడు. దుర్గాంబ కదల్లేదు.

"నేనే దిళ్ళు లాగేశా," అంది.

బసవయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎందుకమ్మా?"

"విసుగొచ్చింది."

"అది అబద్ధం."

"నాలుగు నెలలు. రాత్రికి పదిసార్లు ఎత్తి కూర్చోబెట్టటం, ఉప్పులేని కూడు వండటం, కక్కితే ఎత్తిపోయటం. విసుగొచ్చిందయ్యా. రాసుకోండి."

వరప్రసాదరావు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె అసలు కారణం చెబితే కొడుకు చేసిన హత్యకు అదే రుజువు. చెప్పకపోతే, మొగుణ్ణి విసుగొచ్చి చంపిన ఆడదిగా జైలుకెళుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నిజం చెప్పమ్మా. ప్రేమదాసుకీ తల్లుంది. కోర్టు గుమ్మంలో పొద్దుటి నుంచీ కూర్చునుంది."

ఆమె కళ్ళు ఒక్క క్షణం చెదిరాయి. చూపు నేలకి తిప్పేసుకుంది.

ఇన్‌స్పెక్టర్ కొడుకు వైపు తిరిగాడు.

"నువ్వు చెబుతావా? ఒక్క మాట. మీ అమ్మ ఎవరి కోసం చేసిందో."

భవానీప్రసాద్ తల్లి వైపు చూడలేదు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"నాకేం తెలుసు. నేను నందిగామలో ఉన్నా."

"విన్నారుగా," అంది దుర్గాంబ. "వాడు ఊళ్ళో లేడు."

చీర కొంగు భుజాల నిండా కప్పుకుని, ఎవరూ చెయ్యివ్వకుండానే లేచి జీపెక్కింది.

జీపు చిల్లకల్లు ఊరు దాటింది. వరప్రసాదరావుకి తన చేతిలో ఉన్న కేసు మీదే అసహ్యం వేసింది. పట్టుకోవలసినవాడు ఇంట్లో కూర్చుని ఉన్నాడు.

"పోయేముందు ఆయన ఏమన్నా అన్నారా?" అని అడిగాడు చివరికి.

దుర్గాంబ రోడ్డు వైపు చూస్తూనే చెప్పింది.

"అన్నారు. రోజూ అనే మాటే. లేపవే, దుర్గా, అని."