ముట్టుకోని ప్లేటు

"మేమివేవీ అడగలేదు!" అంది దాలా.

ఆ మాట వినాల్సిన మనిషి అప్పటికే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. బల్ల మీద మాత్రం నాలుగు చిన్న ప్లేట్లు ఉన్నాయి. మూడింటిలో రొయ్యల కుడుములు, ఒకదానిలో లోపల మాంసం పెట్టిన మూడు ఆవిరి బన్నులు.

బ్యాంకాక్ నుంచి వచ్చిన రైలు దిగి అరగంట కూడా కాలేదు. ఈ త్రంగ్ ఊరు నాన్న పుట్టిన ఊరు. కో లెంగ్ నడిపే ఈ టిఫిన్ బండి దగ్గర అమ్మనీ పిల్లలనీ కూర్చోబెట్టి, కాల్చిన పంది మాంసం తెస్తానని నాన్న పక్క వీధికి వెళ్ళాడు. 'కో' అంటే అన్న. ఈ ఊళ్ళో కొట్టు నడిపే పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు.

"అక్కా, ఒక్కటి తిననా?" అన్నాడు ఆరేళ్ళ పున్.

"చెయ్యి తియ్యి! ఇందులో ఏదో ఉంది."

దాలాకు పదేళ్ళే. అనుమానాలు మాత్రం అరవై ఏళ్ళ మనిషికి ఉన్నన్ని. మామిడికాయ ముక్కలు కొన్నా కవరు తిరగేసి అడుగు చూడందే నోట్లో పెట్టదు.

పున్ సోయా పాలు చొక్కా మీద ఒంపుకున్నాడు. అమ్మ వాణ్ణి కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఎదుటి బల్ల వాళ్ళు లేచారు. వాళ్ళ ముందున్న ఒక కుడుముల ప్లేటును కో లెంగ్ తీసుకొచ్చి, దాలా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

దాలా దాన్ని ఎగాదిగా చూసింది. ఎంగిలి! అయితే మిగతావి కూడా ఎవరో వదిలేసినవే.

రుజువు కావాలి. వేలితో ఒక బన్ను నొక్కింది. గోరువెచ్చగా ఉంది. పాతదే అయ్యుండాలి! పళ్ళు కుట్టుకునే పుల్ల తీసి పొడిచి, లోపలికి తొంగి చూసింది. మాంసం తాజాగానే కనిపించింది. ఇంకోటి పొడిచింది. అదీ అంతే. మూడోదీ పొడిచింది.

రుజువు దొరకలేదు కానీ మూడు బన్నులకూ కన్నాలు పడ్డాయి. దాలా అటూ ఇటూ చూసి, కన్నాలు కిందికి వచ్చేలా వాటిని బోర్లించింది.

అమ్మ, పున్ తిరిగొచ్చారు. వెనకే నాన్న మాంసం పొట్లంతో వచ్చాడు.

"నాన్నా, ఈయన మోసగాడు," దాలా గుసగుసగా చెప్పింది. "అడక్కుండా అన్నీ పెట్టాడు. అవి కూడా వేరేవాళ్ళు వదిలేసినవి. నా కళ్ళతో చూశా."

నాన్న గట్టిగా నవ్వాడు. "వదిలేసినవి కాదే పిచ్చిదానా, ముట్టుకోనివి! ఇక్కడ ఇంతే. బల్ల నిండా పెడతారు. ముట్టుకున్నవే మనవి, వాటికే డబ్బులు. ముట్టుకోనివి పక్క బల్లకి పోతాయి."

"మరి ఎవరైనా ముట్టుకుని, ముట్టుకోలేదని చెబితే?"

"చెబితే ఏముంది, నమ్ముతాడు."

దాలా మాంసం ముక్క నములుతూ బోర్లించిన బన్నులకేసి చూసింది.

ఇంతలో కో లెంగ్ రానే వచ్చాడు. నాన్న నోటినిండా కుడుము ఉంది. అమ్మ పున్ మూతి తుడుస్తోంది. కో లెంగ్ దాలావైపు చూశాడు.

"పాపా, ఏవి ముట్టుకోలా?"

"ఆ... ఆ బన్నులు."

ఆయన ప్లేటు తీసుకున్నాడు. వంగి కూడా చూడలేదు. పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ముసలావిడ ముందు పెట్టాడు.

"ఏంరా లెంగ్, ఇవ్వాళ నాకు బన్నులు లేవనుకున్నా."

"ఇవే ఆఖరు అత్తా. తిను."

దాలా బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయింది. కో లెంగ్ ఎందుకు ఇటే చూస్తున్నాడు? అమ్మ ఎందుకు ఒక్కసారిగా మాటలాపింది? అందరికీ తెలిసిపోయిందా? ఇందాక ఆయన్ని దొంగను చూసినట్టు చూసింది. ఇప్పుడు తనే దొంగలా ఉంది.

ముసలావిడ బన్ను చేతిలోకి తీసుకుంది. ఆవిడా తిప్పి చూడలేదు.

"తినకండి అమ్మమ్మా!" దాలా పరుగెత్తింది. "అది నేను ముట్టుకున్నా. పొడిచా కూడా. ఇదిగో చూడండి."

బన్ను తిప్పి కన్నం చూపించింది. చుట్టుపక్కల వాళ్ళు ఇటు తిరిగారు.

"ఎందుకు పొడిచావే?" ముసలావిడ అడిగింది.

"ఎంగిలివేమో అని..."

"ఓసి నీ తెలివి తగలెయ్య! ఎంగిలి కానివాటిని నువ్వే ఎంగిలి చేశావన్నమాట!"

ముసలావిడ పడీ పడీ నవ్వింది. కో లెంగ్ నవ్వలేదు.

"ముప్పై ఏళ్ళ నుంచి బండి పెడుతున్నా పాపా. ఎవరి ప్లేటూ ఇంతవరకూ తిప్పి చూడలా," అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేది. దాలా చెవులు వేడెక్కాయి. ముసలావిడకు రెండు చేతులూ జోడించి, ప్లేటు వెనక్కి తెచ్చుకుంది.

"అక్కా, నాకోటి ఇవ్వవా?"

"వద్దు. ఇవి నావి."

చల్లారిపోయిన మూడు బన్నులూ తినేసింది. మధ్యలో కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకుని మళ్ళీ తింది. అమ్మ మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది.

ఇక బయల్దేరదామని నాన్న లేచాడు. బల్ల మీద ఇంకా రెండు కుడుముల ప్లేట్లు మిగిలాయి. ఈసారి కో లెంగ్ నాన్ననే అడుగుతాడనుకుంది దాలా. తన మాట ఇంకెందుకు నమ్ముతాడు?

కో లెంగ్ వచ్చాడు. నాన్నను దాటుకుని దాలా ముందు నిలబడ్డాడు.

"పాపా, ఏవి ముట్టుకోలా?"

దాలా ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత ప్లేట్లను జాగ్రత్తగా చూసింది.

"ఇది ఎవరమూ ముట్టుకోలేదు. అదీ ముట్టుకోలేదు కానీ, దాని మీద మా తమ్ముడు తుమ్మాడు."

"చిన్న తుమ్మే!" అని అరిచాడు పున్.

"అయితే అది మీదే," అన్నాడు కో లెంగ్.

ముట్టుకోని ప్లేటు తీసుకుని పక్క బల్లకు నడిచాడు. దాన్ని తిప్పి చూడలేదు.